రోజుకో రూల్ మారుతుంటే టీమ్‌ను నవ్వుతో నడిపించవచ్చా?

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక రోజుకో రూల్ మారుతోందని, మీ తిరుపతి ఆఫీసులో అందరూ టెన్షన్‌లో ఉన్నారని, నవ్విస్తూ ఒడ్డెక్కించవచ్చా అని అడిగారు. ఎక్కించవచ్చు. కాకపోతే జోకు వాళ్ల నోటి నుంచి రావాలి, మీరు దాన్ని శ్రద్ధగా వినాలి.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయల కొనుగోలు చూసేవాణ్ని. ఒక సీజన్‌లో చేతిరాత స్లిప్పులు తీసేసి బండ్లను లోడుతో సహా తూచే వేబ్రిడ్జి దగ్గర కంప్యూటర్ పెట్టారు. జూన్, జూలైలలో తోతాపురి అంతా ఒక్కసారే కోతకొస్తుంది, రోడ్డు పొడవునా ట్రాక్టర్లే. రేటు ఎప్పుడు మారుతుందో తెలియదు, వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. దానికితోడు సిస్టమ్ హ్యాంగ్. ధైర్యం చెబుదామని మొదటివారం నేనే జోకులు వేశాను. పైవాడి జోకుకు నవ్వడం వాళ్లకు ఇంకో డ్యూటీ అయింది, అంతే.

ఒకరాత్రి స్క్రీన్ ఆగిపోగానే, కాటా దగ్గరుండే పెద్దాయన తల కూడా తిప్పకుండా "కొత్తల్లుడు మళ్ళీ అలిగినాడు" అన్నాడు. గదంతా గొల్లుమంది. ఆ పేరే ఖాయమైంది. రౌటర్ ఆపి మళ్ళీ వేస్తే "అల్లుడికి బట్టలు పెట్టినాం" అనేవాళ్లు. అలిగినప్పుడల్లా ఎవరో గోడమీద సుద్దముక్కతో ఒక గీత గీసి పక్కన టైమ్ రాయడం మొదలుపెట్టారు. నాలుగు రోజులు పోయాక చూస్తే గీతలన్నీ రాత్రి ఏడు, తొమ్మిది మధ్యే గుంపుగా ఉన్నాయి. లోడ్లు ఎక్కువగా వచ్చేదీ, లోడు ఫొటోలు అప్‌లోడ్ అయ్యేదీ ఆ టైమ్‌లోనే. గోడను ఫొటో తీసి సాఫ్ట్‌వేర్ వాళ్లకు పంపాను. ఫొటోలు అర్ధరాత్రి దాటాక వెళ్లేలా మార్చారు. అంతకుముందు నేను పెట్టిన ఈమెయిళ్లకు జవాబే లేదు.

సిస్టమ్ ఆగినా క్యూ ఆగకూడదు కదా. బిల్లింగ్‌లో ఉండే అమ్మాయి పాత అట్టపెట్టెలు కత్తిరించి, గంటకో రంగు పూసి టోకెన్లు చేసింది. ఎరుపు అయ్యాక పసుపు. తన వంతు ఎంత దూరంలో ఉందో రైతుకు ఎవర్నీ అడక్కుండానే తెలిసేది.

ఒక్క జాగ్రత్త. రెండు రాత్రులుగా ట్రాక్టర్ కింద పడుకుంటున్న రైతుతో మా గేటు కుర్రాడు "మీ కాయలు ఇక్కడే జ్యూసైపోతాయి లెండి" అన్నాడు. ఆయన ఏమీ అనలేదు. టార్పాలిన్ ఎత్తి, మెత్తబడిన కాయ ఒకటి తీసి వాడి చేతిలో పెట్టాడు. నేను వెళ్లి క్షమించమని అడిగి, ఆయన లోడు దిగేదాకా పక్కనే నిలబడ్డాను. ఆరోజు నుంచి అల్లుడి మాటలు కాటా గది దాటి బయటికి రాకుండా చూసుకున్నాం. నష్టపోతున్నవాడి ముందు నవ్వు పనికిరాదు.

మేనేజ్‌మెంట్ క్లాసుల్లో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1947లో చెప్పిన, మార్పుకు మూడు దశలు చెబుతారు: పాతదాన్ని కరిగించడం, కదిలించడం, మళ్ళీ గడ్డకట్టించడం. మామిడి సీజన్లో గడ్డకట్టేంత టైమ్ ఎవరిస్తారు? నాకు పనికొచ్చింది మన తిరుపతి గంగమ్మ జాతరే. మే నెలలో ఆ వారంరోజులు వేషం కట్టినవాళ్లు ఎంత పెద్దవాణ్నైనా తిట్టొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. అలాగే శనివారం షిఫ్ట్ అయ్యాక పది నిమిషాలు సిస్టమ్‌నూ నన్నూ తిట్టుకోవచ్చన్నాను. మొదటి శనివారం ఎవరూ నోరు విప్పలేదు. రెండోవారం ఒకతను, "ఆ స్లిప్పులో అక్షరాలు చీమల్లా ఉన్నాయి సార్, రైతులు మా మొహాన విసిరికొడతాండారు" అన్నాడు. సోమవారానికి అక్షరాలు పెద్దవి చేయించాం.

మీరు ఇప్పుడే మీటింగ్ పెట్టకండి. రెండురోజులు వాళ్లతో టీ దగ్గర ఊరికే కూర్చోండి. మీ సాఫ్ట్‌వేర్‌కు వాళ్లు ఈపాటికే ఏదో పేరు పెట్టి ఉంటారు. అదేంటో తెలిశాక ఇక్కడ రాయండి, ఎందుకు అలుగుతోందో కలిసి చూద్దాం.