బల్ల దగ్గరికి వెళ్లాలంటే భయమేస్తోంది

ప్రశ్న: మా అమ్మ మమ్మల్ని దేవుడి భయంతోనే పెంచింది. ‘దేవుడు చూస్తున్నాడు, శిక్షిస్తాడు’ అనని రోజు లేదు. నాకిప్పుడు 34 ఏళ్లు. యేసుని నమ్ముకుని ఎప్పుడో రక్షణ పొందాను. అయినా బాబుకి జ్వరం వస్తే చాలు, నేనేం తప్పు చేశానా అని వెతుక్కుంటాను. ఒకే పాపాన్ని మళ్లీ మళ్లీ ఒప్పుకుంటాను. ప్రభు బల్లలో, అంటే యేసు మరణాన్ని తలుచుకుంటూ సంఘంలో తీసుకునే రొట్టె, ద్రాక్షరసంలో, అయోగ్యంగా పాలుపొందితే రోగాలొస్తాయన్న వాక్యం గుర్తొచ్చి కొన్ని నెలలుగా దానికి దూరంగా ఉంటున్నాను. మా వారేమో ‘మనం కృప కింద ఉన్నాం, భయం పాత నిబంధనతోనే పోయింది’ అని కొట్టిపారేస్తారు. ఎనిమిదేళ్ల బాబుని దేవుడి పేరు చెప్పి బెదిరిస్తున్నానని గొడవ పడతారు. వాడు ఈమధ్య రాత్రిళ్లు లేచి ‘అమ్మా, నేను నరకానికి పోతానా?’ అని అడుగుతున్నాడు. విశ్వాసి దేవుడికి భయపడాలా, వద్దా?

జవాబు: భయపడాలమ్మా. కానీ మీ ఉత్తరంలో ఉన్న భయం మాత్రం మోయాల్సింది కాదు. ఈ రెండూ ఒకటేనని మీరు అనుకుంటున్నారు. మీ వారూ అలాగే అనుకుంటున్నారు. అందుకే మీరు మొత్తం మోస్తున్నారు, ఆయన మొత్తం దించేశారు.

ముందు మీ వారి మాట చూద్దాం. భయం పాత నిబంధనతో పోయిందంటే, అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో సంఘం ప్రభువు భయంతోనూ పరిశుద్ధాత్మ ఆదరణతోనూ నడిచిందని ఎందుకు రాసినట్టు? రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. పౌలు ఫిలిప్పీయులకు ‘భయముతోను వణకుతోను’ రక్షణను కొనసాగించుకోమన్నాడు. అన్న వెంటనే, మీలో పని చేసేవాడు దేవుడే అని ధైర్యం కూడా చెప్పాడు. అటు పాత నిబంధనలోనూ జాలి తక్కువేం లేదు. తండ్రి తన బిడ్డల మీద జాలిపడినట్టు తనకు భయపడేవారి మీద దేవుడు జాలిపడతాడని చెప్పింది 103వ కీర్తనే.

అయితే మీరు ఎక్కువగా చదువుకోవాల్సింది సీనాయి కొండ దగ్గర మోషే అన్న మాట. ఉరుములు, పొగ, బూర శబ్దం. జనం వణికిపోయి దూరంగా నిలబడ్డారు. అప్పుడు మోషే ‘భయపడకండి’ అన్నాడు. మళ్లీ అదే ఊపులో, మీరు పాపం చేయకుండా దేవుడి భయం మీకు కలగాలనే ఆయన వచ్చాడన్నాడు (నిర్గమకాండము 20:20). పారిపోయే భయం వద్దు, పాపం నుంచి ఆపే భయం కావాలి. 130వ కీర్తన ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. దేవుడి దగ్గర క్షమాపణ దొరుకుతుంది కాబట్టి జనం ఆయనకు భయపడతారట. శిక్షిస్తాడు కాబట్టి అనలేదు. క్షమించేవాడి మనసు నొప్పించకూడదన్న జంకు అది.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే క్రైస్తవ పండితుడు ఈ రెండు భయాల్ని దాసుడి భయం, బిడ్డ భయం అని విడదీసి చూపించాడు. అంతకు చాలా ముందే అగస్టీన్ అనే బిషప్పు ఇద్దరు భార్యల పోలిక చెప్పాడు. ఒకావిడకి భర్త ఎక్కడ వచ్చేస్తాడోనని భయం. ఇంకొకావిడకి ఎక్కడ వదిలి వెళ్లిపోతాడోనని. పోలిక ఈ కాలానికి కాస్త ఇబ్బందిగానే ఉంటుందనుకోండి. కానీ మీ పరిస్థితి పట్టుకోవడానికి ఇది చాలు. తప్పు చేశాక మీ అడుగులు ఎటు పడుతున్నాయి? దేవుడి దగ్గరికా, ఆయనకి దూరంగానా? మీరు కొన్ని నెలలుగా బల్లకి దూరంగా ఉన్నారు. యోహాను తన మొదటి పత్రికలో ‘పరిపూర్ణ ప్రేమ భయమును వెళ్లగొట్టును’ అన్నది ఈ భయం గురించే. అది దండనతో కూడిన భయమని ఆయనే అక్కడ చెప్పాడు.

బల్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వాక్యం చాలామందిని ఇలాగే భయపెడుతోంది. 1 కొరింథీయులకు 11వ అధ్యాయం 27వ వచనం దగ్గర మొదలుపెట్టకండి, 20 నుంచి చదవండి. అక్కడ కొందరు ముందే వచ్చి కడుపునిండా తిని తాగి మత్తులో ఉంటున్నారు, లేనివాళ్లు ఆకలితో కూర్చుంటున్నారు. పేదల్ని సిగ్గుపరిచిన ఆ తీరునే పౌలు మందలించాడు. గతవారం ఎవరినో విసుక్కున్నానని కుమిలిపోయే మనిషి గురించి రాసింది కాదది. ఇక 28వ వచనంలో తనను తాను పరీక్షించుకుని ‘తినాలి’ అన్నాడు, పరీక్షించుకుని మానేయమనలేదు. హెచ్చరిక నిజమైనదే, తీసిపారేయొద్దు. కానీ ఆ శిక్ష కూడా లోకంతో పాటు మనకి తీర్పు రాకుండా ఉండడానికేనని 32వ వచనం చెబుతోంది. వచ్చే బల్లకి వెళ్లండి. అర్హురాలినని అనిపించాక వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్లలేరు.

బాబు జ్వరానికీ మీ పాపానికీ ముడిపెట్టడం ఆపేయండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారు, వీడా వీడి తల్లిదండ్రులా అని శిష్యులే అడిగారు. ఇద్దరూ కాదన్నాడు యేసు. జ్వరానికి కావాల్సింది డాక్టరు.

ఒకే పాపాన్ని పదే పదే ఒప్పుకోవడం గురించి ఒక మాట. ప్రొటెస్టెంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ మఠంలో ఉన్న రోజుల్లో గంటల తరబడి ఒప్పుకోలు చెప్పేవాడు, వినే పెద్దాయన స్టౌపిట్జ్ విసిగిపోయేవాడు. అంటే ఇది భక్తి లేనివాళ్లకి వచ్చే బాధ కాదు. కానీ ఇది మీ నిద్రనీ పనినీ తినేస్తుంటే, ఒప్పుకున్న అయిదు నిమిషాలకే మళ్లీ టెన్షన్ మొదలవుతుంటే, సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవండి. ఓసీడీ, అంటే ఒకే ఆలోచన వేధిస్తూ ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య, కొందరిలో ఇలా భక్తి రూపంలో కనిపిస్తుంది. దానికి చికిత్స ఉంది. వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు. ఈలోగా ఒక నియమం పెట్టుకోండి: ఒక తప్పుని ఒక్కసారే ఒప్పుకోవాలి. మళ్లీ గుర్తొస్తే ‘అది చెప్పేశాను ప్రభువా, వందనాలు’ అని లేచి పనిలో పడాలి. మొదట్లో గుండె దడదడలాడుతుంది. ఆడనివ్వండి, కాసేపటికి తగ్గుతుంది.

ఇక బాబు. ఈ విషయంలో మీ వారు చెప్పిందే నిజం. అన్నం తినకపోయినా, హోంవర్కు చేయకపోయినా దేవుడి పేరెత్తి బెదిరిస్తే, వాడికి దేవుడంటే బెత్తం పట్టుకున్న మనిషిగానే మిగులుతాడు. తప్పు చేస్తే శిక్షించాల్సింది మీరు. టీవీ ఆపేయండి, ఆట మాన్పించండి, అది మీ పేరు మీదే చేయండి. రాత్రి లేచి నరకం గురించి అడిగినప్పుడు ‘మంచిగా ఉంటే పోవు’ అనొద్దు, వాడు పొద్దున్నుంచీ తాను చేసిన తప్పులు లెక్కపెట్టుకుంటాడు. ‘యేసయ్య నిన్ను ప్రేమిస్తున్నాడు, తప్పు చేసినా ఆయన దగ్గరికే వెళ్లొచ్చు, నా దగ్గరికీ రావచ్చు’ అని పక్కన పడుకోబెట్టుకోండి. మర్నాడు గ్లాసు పగలగొట్టిన సంగతి వాడే వచ్చి చెబితే మాత్రం అరవకండి. ఆ ఒక్క అరుపుతో రాత్రి చెప్పిందంతా పోతుంది.

మీ వారితో ఈ చర్చ బాబు ముందు పెట్టొద్దు. వాడు పడుకున్నాక సీనాయి భాగం ఇద్దరూ కలిసి చదవండి, ఎవరు నెగ్గారన్నది పక్కన పెట్టి. భయం లేదన్న మాటని ఆయన దేనికి వాడుకుంటున్నారో కూడా అడగండి. మనశ్శాంతికా, లేక మానలేని ఏ అలవాటుకైనా అడ్డుగానా? అందులో ఆయనకీ జవాబు చెప్పుకోవాల్సింది ఉండొచ్చు. మెత్తగా అడగండి, మీ గురించి ముందు మీరే చెప్పాక.