మూడో పేజీ మళ్లీ రాయి

ప్రియమైన మిత్రమా,

'ఆశీస్సులు' అని మొదలుపెట్టబోయి కలం ఆపాను. లౌకిక మానవవాదం మీద, అంటే దేవుడి ఊసు లేకుండా మనిషిని బట్టే నీతిని నిలబెట్టే వాదం మీద, వ్యాసం రాసి పంపినవాడిని ఎవరి తరఫున ఆశీర్వదించాలి? నా తరఫునే అనుకుని పుచ్చుకో.

వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీకు బాగా లొంగింది. చిక్కంతా మూడో పేజీలో వచ్చే ఆ ఆస్తికుడితోనే. నరకమంటే భయం కాబట్టే మంచిగా ఉంటాడు, ఏమడిగినా తడబడతాడు, ఒక్క ప్రశ్నకే నోరు మూసుకుంటాడు. అలాంటివాడిని ఓడించడానికి పదకొండు పేజీలు ఎందుకు? నీ వయసులో నేనూ ఇలాంటి దిష్టిబొమ్మనే నిలబెట్టి కర్రసాము చేశాను. అచ్చయ్యాక ఒక పాఠకుడు ఆ పేజీ చింపి నాకు పోస్టులో పంపాడు. అంచున పెన్సిల్‌తో ఒకే మాట: "ఇక్కడ మీరు వెక్కిరించారు, ఆలోచించలేదు." నెల రోజులు ఆయన మీద కోపంగా ఉన్నాను. ఆ కాగితం మాత్రం పారేయలేదు.

దేవుణ్ణి నమ్మనివాళ్లు మంచిగా ఉండగలరా అన్నదానికి సగం వ్యాసం ఖర్చుపెట్టావు. ఉండగలరు. కాస్త ఆలోచించే ఆస్తికుడెవరూ కాదనడు. ఆయన అడిగేది వేరు. మంచిగా ఉండి తీరాలి అంటున్నారు కదా, ఆ 'తీరాలి' మీకు ఎక్కడి నుంచి వచ్చింది అని. నీ వ్యాసంలో ఈ ప్రశ్న ఎక్కడా లేదు.

ప్లేటో రాసిన 'యూథిఫ్రో' అనే సంభాషణలో సోక్రటీస్ వేసిన ప్రశ్నను చక్కగా వాడుకున్నావు. దేవతలు మెచ్చారు కాబట్టి అది ధర్మమా, ధర్మం కాబట్టి దేవతలు మెచ్చారా? మొదటిదైతే ధర్మం దేవతల ఇష్టాయిష్టాల పాలవుతుంది. రెండోదైతే ధర్మానికి వాళ్లతో పనిలేదు. బాగుంది. ఇప్పుడు 'దేవతలు' కొట్టేసి 'మనుషులు' అని రాసి చూడు. మనుషులు ఒప్పుకున్నారు కాబట్టి అది మంచిదా? సమాజాలకు సమాజాలే బానిసత్వాన్ని ఒప్పుకున్న కాలాలున్నాయి, అప్పుడది మంచిదేనా? కాదంటావు. అంటే మనుషుల ఒప్పుదలకు మించిన కొలత ఏదో నీ మనసులో ఉందన్నమాట. ఏమిటది? తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ దారిలో వెళ్లేవాళ్లు సుఖదుఃఖాలే కొలత అంటారు. ఇంకో తత్వవేత్త కాంట్ దారిలో వెళ్లేవాళ్లు ఏ మనిషినీ కేవలం సాధనంగా వాడుకోకూడదంటారు. ఈ రెండింటికీ ఎన్నోచోట్ల పొసగదు. సుఖదుఃఖాలే కొలతైతే జంతువుల బాధను లెక్కలోంచి ఎందుకు తీసేయాలని మన కాలపు తత్వవేత్త పీటర్ సింగర్ అడిగితే 'మానవ' అన్న మాటకే ఇబ్బంది. వీటిలో దేని పక్కన నిలబడతావో తేల్చుకో. తేలకపోతే తేలలేదని రాయి, పాఠకుడు నిన్ను తక్కువగా చూడడు.

ఇక చరిత్ర. అమెరికాలో 1933లో వెలువడిన తొలి మానవవాద ప్రణాళిక (మ్యానిఫెస్టో) మీద 34 మంది సంతకాలున్నాయి. వాళ్లలో చాలామంది యూనిటేరియన్ అనే ఉదార మత సంప్రదాయానికి చెందిన బోధకులు. నువ్వు గీసిన మతమూ మానవవాదమూ అన్న సరిహద్దు అక్కడే చెరిగిపోతోంది, చూశావా? అదే ఏడాది హిట్లర్ గద్దెనెక్కాడు. నలభై ఏళ్లకు, 1973లో, రెండో ప్రణాళిక రాసినవాళ్లు తొలిదానిలో ఆశావాదం మరీ ఎక్కువైందని, మనిషి ఎంత క్రూరత్వానికి దిగజారగలడో నాజీయిజం చూపించిందని ముందుమాటలోనే ఒప్పుకున్నారు. 2003లో మూడోదీ వచ్చింది. ఇలా మారుతూ పోయే కొలబద్దతో ఏం కొలుస్తారని విమర్శకుల ఎత్తిపొడుపు. తప్పు దిద్దుకోగల నీతే నమ్మదగ్గదని మానవవాదుల జవాబు. నేను జవాబు వైపే ఉన్నాను. అయినా ఆ ఎత్తిపొడుపు నన్ను కొన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదు.

అలాంటి ఒక రాత్రి గురించి చెబుతాను. నా స్నేహితుడు, కరుడుగట్టిన నాస్తికుడు, ఆసుపత్రి మంచంలో కదల్లేక పడి ఉన్నాడు. రాత్రి డ్యూటీలో ఉన్న ఆయా రెండు గంటలకోసారి వచ్చి, ఒక చెయ్యి భుజం కింద, ఇంకో చెయ్యి నడుం కింద పెట్టి, దుప్పటి ముడత పడకుండా అతన్ని పక్కకు తిప్పేది. పని మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకుని ఏదో జపించుకునేది. వాడు ఊరుకోడు కదా. "పుణ్యం వస్తుందనా అమ్మా ఇదంతా?" అన్నాడు. ఆమె దిండు సర్దుతూనే "వీపు పుండు పడుతుందని" అంది.

వాడు నా వైపు చూసి కన్ను గీటాడు, తను గెలిచినట్టు. నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత వాడికి స్పృహ పోయింది. చూసేవాళ్లు లేరు, మెచ్చుకునే రోగి లేడు. తెల్లవారుజామున మూడింటికి నేను కునికిపాట్లు పడుతుంటే ఆమె అదే జపంతో వచ్చి, అదే జాగ్రత్తతో వాడిని తిప్పి వెళ్లింది. ఆ వేళకు ఆమెను లేపి తీసుకొచ్చింది వీపు పుండా, జపమా? ఆమె చోట నేనుంటే లేచేవాడినా? ఇప్పటికీ జవాబు తెలియదు. ఈ మాట నా వ్యాసాల్లో వేటిలోనూ రాయలేకపోయాను.

మూడో పేజీ మళ్లీ రాసి పంపు. ఆ ఆస్తికుడిని ఈసారి కూర్చోనివ్వు, మాట పూర్తి చేయనివ్వు. పదకొండు పేజీలు పదిహేడైనా నాకు అభ్యంతరం లేదు, కళ్లజోడు కొత్తదే.

నీ
పెద్ద మిత్రుడు