సీజన్ మారుతోంది... పడవల సంగతేంటి?

కనూ (పైన తెరిచి ఉండే తెడ్డు పడవ), కయాక్ (మనిషి కూర్చునే చోటు తప్ప పైన మూసి ఉండే తెడ్డు పడవ) క్లబ్బుల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా సీజన్ మార్పు చుట్టూనే తిరుగుతున్నాయి. షెడ్డు తలుపులు తీసేటప్పుడు ఏం చేయాలి, మళ్ళీ వేసేటప్పుడు ఏం చేయాలి, మధ్యలో సభ్యులు జారిపోకుండా ఏం నడపాలి అని. వాటిలో కొన్నింటికి ఇవీ జవాబులు.

ప్రశ్న: చలికాలమంతా షెడ్డులో ఉన్న క్లబ్ పడవల్ని బయటికి తీస్తున్నాం. కొన్ని ప్లాస్టిక్‌వి, కొన్ని ఫైబర్‌వి. నీళ్ళలో దించే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: అందరూ ముందు పడవ అడుగు చూస్తారు. అక్కడి గీతలు కొట్టొచ్చినట్టు కనబడతాయి కాబట్టి. గీతల వల్ల మనుషులకు వచ్చే ముప్పు తక్కువ. ముందు చూడాల్సింది మనిషి పట్టుకునేవి, మనిషిని పట్టి ఉంచేవి.

రెండు కొనలకూ ఉండే పట్టుతాళ్ళతో మొదలుపెట్టండి. పడవ బోల్తా పడితే చేతికి దొరికేవి అవే. వెనక్కి వాలి, ఒంటి బరువంతా వేసి లాగండి. తాడు పై పొర నూగులా లేచినా, ముడి దగ్గర బిరుసెక్కినా మార్చేయండి. తర్వాత కయాక్ ఫుట్‌రెస్టులు. వాటి పట్టాల్లో ఇసుక చేరి బిగుసుకుపోవడం మామూలే. మంచినీళ్ళతో కడిగి, ముందుకూ వెనక్కూ జరిపి, ప్రతి గాడిలోనూ టక్కున పడుతోందో లేదో చూడండి. సగమే పట్టిన ఫుట్‌రెస్టు, పడవ ముక్కు రాయికి కొట్టుకున్న క్షణంలో జారిపోతుంది. పాదం దాన్ని దాటి లోపలికి దూరి ఇరుక్కుంటుంది.

కనూల్లో సీట్లు పొడవాటి బోల్టులతో అంచుల నుంచి వేలాడుతుంటాయి. పొడి గాలికి అంచు కొయ్య కుంచించుకుపోయి నట్లు వదులవుతాయి. చేత్తో బిగించాక పానాతో ఇంకో పావు చుట్టు చాలు. అంతకన్నా బిగిస్తే వాషర్ కొయ్యలోకి దిగిపోతుంది, తడిసి ఉబ్బినప్పుడు అక్కడే చీలుతుంది.

బోల్తా పడ్డా పడవ తేలేలా లోపల పెట్టే గాలి సంచులు నింపి మర్నాడు అదే వేళకు చూడండి. రాత్రి చల్లదనానికి కాస్త మెత్తబడటం లీకు కాదు, అందుకే వేళ ఒకటే ఉండాలి. అనుమానం ఉంటే కుట్లమీదా వాల్వు చుట్టూ సబ్బు నీళ్ళు రాస్తే బుడగలు చెబుతాయి. ఒడ్డున ఎండలో పడవ వదిలి భోజనానికి వెళ్ళేటప్పుడు మాత్రం కొంచెం గాలి తీయడం మరిచిపోవద్దు. 20 డిగ్రీల దగ్గర నింపిన గాలి 50 డిగ్రీలకు చేరితే పదో వంతు వ్యాకోచిస్తుంది. బిర్రుగా ఉన్న సంచికి ఆ పదో వంతే ఎక్కువ.

ఇక అడుగు. ప్లాస్టిక్ పడవ అయితే లేచిన పీచుల్ని పదునైన బ్లేడుతో చెక్కేసి ఊరుకోండి. పాలిథీన్‌కు మామూలు జిగుర్లేవీ అంటుకోవు, గీతలు పూడ్చాలని చూడటం వృథా శ్రమ. అడుగు లోపలికి సొట్టపడి ఉంటే ఎండలో బోర్లించి ఉంచండి, చాలావరకు అదే తేరుకుంటుంది. ఫైబర్ పడవ అయితే లోపల టార్చి పెట్టి బయటి నుంచి చూడండి. నక్షత్రంలా చీలిన చోట బొటనవేలితో నొక్కాలి. గట్టిగా ఉంటే పగిలింది పైపూతే. మెత్తగా దిగినా, కరకరమన్నా లోపలి పీచు తెగింది, అప్పుడు లోపలి వైపు నుంచి ఫైబర్ అతుకు వేయాల్సిందే.

పైపూత, అంటే జెల్‌కోట్, వేసేటప్పుడు ఎక్కువగా చెడేది మూడు చోట్ల. చలిలో వేస్తారు: 15 డిగ్రీలకన్నా తక్కువైతే సరిగా గట్టిపడదు. హార్డెనర్, అంటే గట్టిపరిచే మందు, కంటికొలతతో పోస్తారు: 100 గ్రాములకు 1 నుంచి 2 గ్రాములే, తూచి కలపాలి. ఆరాక పైన జిగటగా ఉందని మళ్ళీ మళ్ళీ పూస్తారు: గాలి తగిలితే పై పొర గట్టిపడదు, పూసిన వెంటనే పల్చటి ప్లాస్టిక్ షీట్ అంటించి ఉంచాలి. గట్టిపడ్డాక 400, 600, 1000 నంబర్ల గరుకు కాగితాలతో నీళ్ళు పోస్తూ రుద్దండి. మీ పడవ ఎపాక్సీ అనే రెజిన్‌తో చేసిందైతే దానిమీద మామూలు పాలియెస్టర్ జెల్‌కోట్ నిలవదు. కొనే ముందే ఈ సంగతి తేల్చుకోండి.

ప్రశ్న: లైఫ్ జాకెట్లు ఎన్నేళ్ళకోసారి మార్చాలి?

జవాబు: ఏళ్ళ లెక్కతో పని లేదు. నీళ్ళలో వేసి బరువు కట్టి చూడండి. జాకెట్ లోపలి లేబుల్ మీద న్యూటన్లు, అంటే అది పైకి తేల్చే బలం కొలత, రాసి ఉంటాయి, పెద్దల పాడ్లింగ్ జాకెట్లకు మామూలుగా 50. ఆ 50 న్యూటన్లకు 5 కిలోల 800 గ్రాముల ఇనుము కట్టండి. నీళ్ళలో ఇనుము తన బరువులో ఎనిమిదో వంతు దాకా కోల్పోతుంది, అది లెక్కలో వేసిన సంఖ్య ఇది. అందుకే రాళ్ళూ ఇసుక సంచులూ కట్టి చూడొద్దు, వాటి లెక్క వేరు. చిన్న సైజులకు ప్రతి 10 న్యూటన్లకు 1 కిలో 160 గ్రాముల చొప్పున తగ్గించుకోండి. ముంచి, గుడ్డలో చిక్కుకున్న గాలిని పిండేసి వదలండి. తేలితే ఉంచండి, మునిగితే పక్కన పెట్టండి.

జాకెట్ మీద కూర్చోవడం, కారు పైకప్పు మీద పడవకు దిండులా వాడటం లోపలి ఫోమ్‌ను అణగదొక్కేస్తాయి. క్లబ్ జాకెట్లు పరీక్షలో తప్పడానికి తరచూ ఇదే కారణం. రంగు వెలిసిన భుజం పట్టీలను రెండు వేళ్ళతో గట్టిగా గుంజి చూడండి. ఎండ తిన్న గుడ్డ పర్రుమంటుంది. ఆరబెట్టేది నీడలోనే.

ప్రశ్న: ఎండ బాగా కాస్తోంది, కొత్త సభ్యులు టీషర్టులతో వస్తున్నారు. నీళ్ళు ఇంకా చల్లగా ఉన్నాయి. అభ్యంతరం చెప్పాలా?

జవాబు: చెప్పాలి. గాలి వేడెక్కిన కొన్ని వారాలకు గానీ నీళ్ళు వేడెక్కవు. ప్రమాదం ఆ సందులోనే. బట్టలు ఎండను చూసి కాదు, నీళ్ళను చూసి వేసుకోవాలి. ఒక థర్మామీటర్ తాడుకు కట్టి రేవులో దించండి. 15 డిగ్రీలకన్నా తక్కువైతే వెట్‌సూట్ (నీళ్ళలో ఒంటి వేడి నిలిపే రబ్బరు దుస్తులు) లేనివాళ్ళను ఒడ్డు వదలనివ్వొద్దు.

చల్లటి నీళ్ళ గురించి 1-10-1 అనే గుర్తు ఒకటుంది. పడ్డాక మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, ఈదబోతే నీళ్ళు మింగుతారు. ఆ నిమిషం పడవ పట్టుకుని ఊరికే తేలాలి. తర్వాత సుమారు 10 నిమిషాలు మాత్రమే చేతులు మన మాట వింటాయి. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. కాబట్టి మీ రక్షణ అభ్యాసాల్లో గడియారం పెట్టుకోవాల్సింది ఆ 10 నిమిషాలకు. మనిషిని తిరిగి పడవలోకి ఎక్కించడం అందులో సగం సమయంలోనే అయిపోవాలి. అవకపోతే ఆ జట్టు ఇంకా ఒడ్డు దగ్గరే తిరగాలన్నమాట.

ప్రశ్న: వారం వారం 5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరి సమయం కొలిచే పందెం) పెడుతున్నాం. ఎప్పుడూ ఆ ఇద్దరే గెలుస్తున్నారు, మిగతావాళ్ళు రావడం మానేస్తున్నారు.

జవాబు: హ్యాండిక్యాప్ పెట్టండి, అంటే నెమ్మదైనవాళ్ళను ముందు, వేగమైనవాళ్ళను వెనక వదలండి. అందరికన్నా నెమ్మదైన వ్యక్తి ఉత్తమ సమయం 42 నిమిషాలు అనుకుందాం. ఆయన సున్నా దగ్గర బయలుదేరతారు. 36 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేసేవారు 5 నిమిషాల 30 సెకన్లు ఆగి బయలుదేరతారు. లెక్కప్రకారం అందరూ 42వ నిమిషానికి ఒకేసారి చేరాలి. ముందు చేరినవాళ్ళు తమ పాత వేగాన్ని మించినట్టే. ముగింపు గీత దగ్గర గుంపుగా వచ్చే ఆ సందడే సభ్యుల్ని వెనక్కి రప్పిస్తుంది.

లెక్కకు గత వారం సమయం వాడొద్దు, చివరి మూడింట్లో ఉత్తమమైనది వాడండి. లేకపోతే ఒక వారం బద్ధకంగా తెడ్డు వేసి మరుసటి వారం కప్పు ఎగరేసుకుపోయే ఘనులు ప్రతి క్లబ్‌లోనూ ఉంటారు. బయలుదేరే సమయాల్లో 15 సెకన్లకన్నా తక్కువ తేడా ఉన్నవాళ్ళను కలిపి వదిలేయండి, టైమ్‌కీపర్‌కు ఊపిరాడుతుంది.

అసలు చిక్కు నదిలో ఉంది. మీ దారి 2.5 కిలోమీటర్లు వెళ్ళి తిరిగి రావడం అయితే, వెళ్ళేటప్పుడు ప్రవాహం ఇచ్చింది వచ్చేటప్పుడు తీసుకుంటుంది, చెల్లుకు చెల్లు అనుకుంటారు. చెల్లదు. గంటకు 8 కిలోమీటర్ల వేగం ఉన్నవారికి నిలకడ నీళ్ళలో 37 నిమిషాల 30 సెకన్లు పడుతుంది. గంటకు 2 కిలోమీటర్ల ప్రవాహం ఉంటే కిందికి 15 నిమిషాలు, పైకి 25 నిమిషాలు, మొత్తం 40. ఎదురీదే సమయం ఎక్కువ కాబట్టి నష్టమూ ఎక్కువే. ఇప్పుడు గంటకు 6 కిలోమీటర్లు వెళ్ళేవారిని చూడండి. నిలకడ నీళ్ళలో 50 నిమిషాలు. అదే ప్రవాహంలో కిందికి 18 నిమిషాల 45 సెకన్లు, పైకి 37 నిమిషాల 30 సెకన్లు, మొత్తం 56 నిమిషాల 15 సెకన్లు. వేగంగా వెళ్ళేవారు రెండున్నర నిమిషాలు పోగొట్టుకుంటే, నెమ్మదైనవారు ఆరుంబావు పోగొట్టుకున్నారు. నది కొంచెం పొంగిన వారం మీ హ్యాండిక్యాప్ కొత్తవాళ్ళకే అన్యాయం చేస్తుంది. రేవు గుంజకు 5 సెంటీమీటర్లకో గీత గీసి, ప్రతి వారం నీటిమట్టాన్ని సమయాల పక్కనే రాయండి. మట్టం పెరిగినప్పుడు సమయాలను లెక్కలో కలపకుండా సరదాకు నడపండి, లేదా చెరువుకు మారిపోండి.

ప్రశ్న: చలికాలంలో ఈతకొలను అద్దెకు తీసుకుని కయాక్ నేర్పాలనుకుంటున్నాం. ఏ క్రమంలో నేర్పాలి?

జవాబు: స్ప్రేడెక్ (నడుము చుట్టూ కట్టుకుని, నీళ్ళు లోపలికి రాకుండా కయాక్ నోరు మూసే గుడ్డ) లేకుండా బోల్తాపడి బయటికి రావడంతో మొదలు. అది బెదురు లేకుండా వచ్చాకే స్ప్రేడెక్ వేయండి. వేసిన ప్రతిసారీ లాగే పట్టీ బయటికి కనిపిస్తోందా అని ఇంకొకరు తాకి చూడాలి. లోపలికి మడిచి కట్టేసుకోవడం కొత్తవాళ్ళకు పరిపాటి.

తర్వాత రోల్, అంటే బోల్తాపడ్డ కయాక్‌ను లోపల కూర్చునే తిరిగి నిలబెట్టడం. రోల్ రానివాళ్ళలో ఎక్కువమంది చేసే తప్పు తలను ముందు పైకెత్తడం. ఊపిరి కోసం అలా అనిపించడం సహజమే, కానీ తల లేచిన మరుక్షణం నడుము తిప్పిన పడవ వెనక్కి పడిపోతుంది. తల చివరగా రావాలి. కొలను గట్టు పట్టుకుని, చెంప నీళ్ళకు ఆనించి, నడుముతోనే పడవను అటూ ఇటూ తిప్పించండి. ఇది చేతిలో తెడ్డు లేకుండా వచ్చేదాకా తెడ్డు ఇవ్వొద్దు. తెడ్డు ఇస్తే బలం వాడటం మొదలుపెడతారు.

పడవల్ని లోపలా బయటా కడిగే తీసుకెళ్ళండి. ఒక్క పడవలోని ఇసుక ఫిల్టర్‌లో చేరితే చాలు, కొలను వాళ్ళు మిమ్మల్ని మళ్ళీ రానివ్వరు. క్లోరిన్ నీళ్ళు తగిలిన రబ్బరు సామాను అదే రోజు కడగాలి.

ప్రశ్న: వర్షాలకు నది నిండింది. ఎప్పుడూ దిగి మోసుకెళ్ళే చిన్న ఆనకట్ట ఇప్పుడు దాదాపు మట్టంగా ఉంది. పడవలోనే దాటొచ్చా?

జవాబు: వద్దు. ఎత్తు తగ్గినట్టు కనబడేది కింద నీళ్ళు పెరిగినందువల్ల. ఆనకట్ట కింద కొంత దూరంలో నీళ్ళు ఉబికి పైకొచ్చే గీత ఒకటి కనిపిస్తుంది. ఆ గీతకూ ఆనకట్టకూ మధ్య పై నీళ్ళన్నీ ఆనకట్ట వైపే వెనక్కి పారుతుంటాయి. పుల్ల వేసి చూడండి, వెనక్కి వెళ్ళి అక్కడే దొర్లుతుంది. తిన్నగా, అటు గోడ నుంచి ఇటు గోడ దాకా ఉన్న ఆనకట్టలో పక్కకు తప్పించుకునే దారి కూడా ఉండదు. మోసుకునే వెళ్ళండి, మామూలుకన్నా చాలా ముందే ఒడ్డెక్కండి. ఎవరైనా అందులో చిక్కుకుంటే ఒడ్డు నుంచి తాడు విసరడమే గానీ ఇంకొకరు దిగకూడదు. అలా విసిరే తాడు సంచిలో, అంటే త్రో బ్యాగ్‌లో, తేలే తాడు 15 నుంచి 20 మీటర్లు ఉండాలి. తాడును చుట్టచుట్టి కాదు, కొద్దికొద్దిగా సంచిలోకి కూరి పెట్టాలి. చుట్టలు విసిరేటప్పుడు ముడిపడతాయి.

ప్రశ్న: సీజన్ అయ్యాక పడవల్ని ఎలా పెట్టాలి? మాకు కొయ్య అంచుల పాత రాయలెక్స్ (ఒక రకం పొరల ప్లాస్టిక్) కనూలు రెండున్నాయి.

జవాబు: కనూలను బోర్లించి, అంచులు ఆనేలా రెండు అడ్డకర్రల మీద. ప్లాస్టిక్ కయాక్‌లను పక్కకు పడుకోబెట్టి. కొనతాళ్ళతో వేలాడదీయొద్దు, పట్టీలు బిగించి వదిలేయొద్దు, రెండూ ఆకారాన్ని చెడగొడతాయి.

మీ రెండు పాతవాటిని జాగ్రత్తగా చూసుకోండి. రాయలెక్స్ తయారీ 2014లో ఆగిపోయింది, పోతే కొత్త రాయలెక్స్ పడవ దొరకదు. నీళ్ళు గడ్డకట్టేంత చలి ఉన్న చోట రాయలెక్స్ కొయ్యకన్నా ఎక్కువ కుంచించుకుపోతుంది. స్క్రూలు కదలనివ్వవు కాబట్టి ఆ రంధ్రాల దగ్గర నిలువునా పగుళ్ళు వస్తాయి. మధ్యలోవి ఉంచి, రెండు కొనల వైపు ఉన్న స్క్రూలను ముందే వదులు చేయండి.

అంచులకు అవిసె నూనె పట్టించేటప్పుడు పల్చగా పూసి, పావుగంట ఆగి, మిగిలింది తుడిచేయాలి. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఇది ఎవరూ నమ్మరు, షెడ్లు తగలబడ్డాక నమ్ముతారు. గుడ్డల్ని నీళ్ళలో తడిపి, ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

ప్రశ్న: ఒకే వారాంతంలో రెండు నదులకు వెళ్తున్నాం. మధ్యలో పడవలు కడగాలా?

జవాబు: కడగాలి. ఒక నది కలుపునూ నత్తల్నీ ఇంకో నదికి మోసేది పడవ అడుగున ఉన్న బురదే. బురద, ఆకులు చేత్తో తీసి, లోపలి నీళ్ళు అక్కడే వంచేయండి. జాకెట్లు, బూట్లు, తాళ్ళు 45 డిగ్రీల వేడి నీళ్ళలో 15 నిమిషాలు నానితే చాలు. ఆరాక కూడా 48 గంటలు పొడిగా ఉంచడం మంచిది గానీ, మీ వారాంతంలో అంత వ్యవధి లేదు కాబట్టి వేడి నీళ్ళే దారి. చేతులమీది గీరుళ్ళకు నీళ్ళు దూరని పట్టీ వేసుకోండి. నదికి వెళ్ళొచ్చిన నెల రోజుల్లోపు ఒళ్ళునొప్పులతో జ్వరం వస్తే డాక్టరుకు నదిలో దిగిన సంగతి మీరే చెప్పండి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మొదట్లో మామూలు ఫ్లూలాగే ఉంటుంది, మీరు చెబితే తప్ప ఎవరికీ తట్టదు.