పాఠకుల సందేహాలు: ఇంగ్లండులో అన్నయ్య ఆస్తి, తిరుపతిలో నాన్నగారి ఇల్లు

ప్రశ్న: ఇంగ్లండులో 22 ఏళ్లుగా ఉంటున్న మా అన్నయ్య 2025 జూన్‌లో పోయాడు. పెళ్లి చేసుకోలేదు. వీలునామాలో అంతా మా అబ్బాయికి రాసి, నన్ను ఎగ్జిక్యూటర్‌గా (వీలునామా అమలు చేసేవాడిగా) పెట్టాడు. అక్కడి ఇల్లు 4,80,000 పౌండ్లు, దానిమీద లోను 60,000. బ్యాంకు, ఐసా (అక్కడి పన్ను లేని పొదుపు ఖాతా) కలిపి 1,45,000. కారు, సామాను 5,000. చిత్తూరు ఇంట్లో వాటా సుమారు 30,000. 2021 ఆగస్టులో మా అబ్బాయికి 30,000 ఇచ్చాడు. వారసత్వ పన్ను ఎంత?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పన్ను పడేది మీ అబ్బాయి మీద కాదు, మీ అన్నయ్య ఆస్తి మీద. కట్టాల్సింది ఎగ్జిక్యూటర్‌గా మీరు, ఆ ఆస్తిలోంచే.

లోను తీసేస్తే ఇల్లు 4,20,000. దానికి మిగతావన్నీ కలిపితే 6,00,000. అంత్యక్రియల ఖర్చు 5,000 అనుకుందాం, తీసేస్తే 5,95,000. ఐసాకు ఆదాయపు పన్ను లేదు కదా అని చాలామంది వదిలేస్తారు, ఈ పన్నులో అది పూర్తిగా లెక్కకొస్తుంది.

పన్ను లేని పరిమితి 3,25,000. ఇంటికి అదనంగా ఇచ్చే 1,75,000 పిల్లలకో, మనవలకో ఇల్లు దక్కితేనే. తమ్ముడి కొడుక్కి వర్తించదు.

ఎక్కువమంది తప్పేది 2021 నాటి సొమ్ము దగ్గర. మరణానికి ముందు ఏడేళ్లలోపు ఇచ్చిన బహుమతి పరిమితిని ముందుగా తినేస్తుంది. ఏటా 3,000 మినహాయింపు, అంతకుముందు ఏడాదిది వాడకపోతే అదీ కలిపి 6,000 పోగా 24,000 లెక్కలోకి వస్తుంది. పరిమితిలో మిగిలేది 3,01,000. మూడేళ్లు దాటింది కనుక పన్ను తగ్గుతుందంటారు కొందరు. ఆ తగ్గింపు బహుమతి మీద పడ్డ పన్నుకే. ఇక్కడ బహుమతి పరిమితిలోపే ఉంది, పన్నే పడలేదు, ఇక తగ్గేదేముంది?

5,95,000 లోంచి 3,01,000 పోతే 2,94,000. దానిమీద 40 శాతం, అంటే 1,17,600 పౌండ్లు.

గత 20 పన్ను సంవత్సరాల్లో కనీసం పదేళ్లు అక్కడ నివాసి అయినవారికి చిత్తూరు వాటా కూడా కలుస్తుంది. అయితే ఆయన డొమిసైల్ (చట్టం దృష్టిలో శాశ్వత స్వస్థలం) భారత్‌లోనే ఉందని చూపగలిగితే, 1956 నాటి భారత్-బ్రిటన్ ఒప్పందం కింద ఇక్కడి ఆస్తి తప్పే వీలుంది. అక్కడి సలహాదారుడిని తప్పక అడగండి, ఆ 30,000 మీద 40 శాతం, అంటే 12,000 పౌండ్ల సంగతి. కలపాల్సి వస్తే సబ్‌రిజిస్ట్రార్ విలువ చాలదు, మరణించిన రోజు నాటి మార్కెట్ ధర కావాలి. రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత రాయించండి.

జూన్ మరణానికి గడువు డిసెంబరు 31. దాటితే వడ్డీ. ప్రొబేట్ (వీలునామాకు కోర్టు ఆమోదం) రాకుండా ఇల్లు అమ్మలేరు, పన్ను కట్టకుండా ప్రొబేట్ రాదు. అందుకే ఇంటి భాగం పన్నును పది వార్షిక వాయిదాల్లో కట్టే వీలుంది. మిగతాది ఆయన ఖాతా నుంచే నేరుగా పన్ను శాఖకు పంపమని బ్యాంకును అడగవచ్చు.

ప్రశ్న: నాన్నగారు 1994లో తిరుపతిలో కొన్న ఇల్లు నాకు వచ్చింది. 60 లక్షలకు అమ్ముతున్నాను. వారసత్వ పన్ను ఉంటుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: లేదమ్మా. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ (పోయినవారి ఆస్తి మీద పన్ను) 1985 మార్చి 16 నుంచి జరిగిన మరణాలకు లేదు. అమ్మకం లాభం మీద మాత్రం పన్ను ఉంది. నాన్నగారు పోయిన నాటి ధరను కొన్న ధరగా వేసుకోకండి, అది చెల్లదు. 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు, కానీ ఆ రోజు సబ్‌రిజిస్ట్రార్ విలువకు మించకూడదు. అది 4 లక్షలనుకుంటే, 56 లక్షల మీద 12.5 శాతం చొప్పున 7 లక్షలు. లేదా 2025-26 ధరల పెరుగుదల సూచీ 376 ప్రకారం కొన్న ధర 15.04 లక్షలై, మిగిలిన 44.96 లక్షల మీద 20 శాతం, దాదాపు 9 లక్షలు. మీకు మొదటిదే మేలు. సెస్సు అదనం. ధర 50 లక్షలు దాటింది కాబట్టి కొనేవారు 1 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. అది మీ పాన్ మీద జమయిందో లేదో ఫారం 26ఏఎస్‌లో చూసుకోండి.