మగపిల్లి ఉచ్చకు ముక్కుతోంది, తడి కనిపించడం లేదు: సోమవారం దాకా ఆగొచ్చా?

మీరు రాసింది ఇదీ: మూడేళ్ళ మగపిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యింది, ఇంట్లోనే ఉంటుంది, తినేది ఎక్కువగా ప్యాకెట్ మేత. నిన్న సాయంత్రం నుంచి ట్రేలోకి పోయి కూర్చుంటోంది, ముక్కుతోంది, బయటికొచ్చి కింద నాక్కుంటోంది, మళ్ళీ పోతోంది. ఇసుకలో తడి లేదు. పొద్దున ఒకసారి కక్కింది. ఈరోజు ఆదివారం, రేపు ఆసుపత్రి తెరిచేదాకా ఆగొచ్చా అని అడిగారు.

ఆగకూడదు. ఇది చదవడం ఆపి ముందు ఫోన్ చేయండి. మిగతాది ఆటోలో చదువుకోవచ్చు.

మగపిల్లి మూత్రనాళం చివరికి వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. మూత్రంలోని జిగురు, లోపలి వాపు వల్ల రాలిన కణాలు, సన్న ఇసుకలాంటి స్ఫటికాలు కలిసి సుద్దలాంటి బిరడా తయారై అక్కడ ఇరుక్కుంటుంది. కొన్నిటికి రాయి అడ్డం పడుతుంది. ఇంకొన్నిటికి అడ్డమంటూ ఏమీ ఉండదు, వాపూ కండరాల బిగుతూ కలిసే దారి మూసేస్తాయి. కిడ్నీలు మాత్రం ఉచ్చ తయారుచేస్తూనే ఉంటాయి. ఉచ్చ సంచి (బ్లాడర్) నిండి, ఒత్తిడి వెనక్కి తన్ని, చివరికి వడకట్టే పని ఆగిపోతుంది. బయటికి పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. అది గుండె వేగాన్ని తగ్గిస్తూ తగ్గిస్తూ ఆపేస్తుంది. దారి పూర్తిగా మూసుకుంటే ఒక్క రోజులోనే నీరసం, వాంతులు మొదలవుతాయి, చికిత్స లేకపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. అయితే గంటలు లెక్కపెట్టాల్సింది ముక్కడం మీ కంటపడ్డప్పటి నుంచి కాదు, ట్రేలో మామూలు తడి చివరిసారి కచ్చితంగా చూసినప్పటి నుంచి. అది నిన్న పొద్దునైతే మీకు ఇప్పటికే ఒక రోజు గడిచిపోయింది.

మీ పిల్లి విషయంలో పరీక్షల పేరుతో టైము పోగొట్టుకోనక్కర్లేదు. ఇదే ప్రశ్నతో వచ్చే మిగతావాళ్ళ కోసం, ఇంట్లో ఎలా తేల్చుకోవాలో చెబుతాను.

రక్తం పడిందా, వాసన వస్తోందా అని అందరూ ముందు అడుగుతారు. నా లెక్కలో అవి రెండో ప్రశ్నలు. మొదటిది ఒక్కటే: ఉచ్చ బయటికి వస్తోందా, వస్తే ఎంత? నాలుగు కిలోల పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు పోస్తుంది, ఒక్కోసారి చిన్న టీ గ్లాసులో సగం దాకా. గడ్డకట్టే ఇసుక వాడితే అది నిమ్మకాయంత ఉండ. చింతగింజంత ఉండలు పది కనిపిస్తే మంట పుట్టి మాటిమాటికీ పోస్తోందని. కూర్చున్న ప్రతిసారీ ఇసుక పొడిగానే ఉంటే దారి మూసుకుందనే అనుకోవాలి.

మామూలు ఏటి ఇసుక వాడే ఇళ్ళలో తడి ఇంకిపోయి ఏమీ తెలియదు. అలాంటప్పుడు పాత ఇసుక పారబోసి, ట్రేలో పొడి న్యూస్‌పేపర్ పరిచి, పిల్లిని ఒక గదిలో పెట్టి తలుపు వేయండి. జాలారి గచ్చు మీదికి మాత్రం వదలొద్దు. మంటగా ఉన్న పిల్లులు చల్లటి నున్నటి చోటు వెతుక్కుని పోస్తాయి, అది తూములోకి జారిపోతే పోసిందో లేదో చెప్పేవాళ్ళుండరు. ఒక గంట చూడండి. రెండు మూడుసార్లు కూర్చున్నా పేపరు పొడిగా ఉంటే ఇక చూడాల్సిందేమీ లేదు, బయలుదేరండి. వీధుల్లో తిరిగే పిల్లికీ ఇదే పద్ధతి. బయట పోసుంటుందిలే అనుకోవడంలోనే చాలా పిల్లులు పోతున్నాయి.

పొట్ట తడిమి చూడటం తెలిస్తే మంచిదే. పిల్లిని నిలబెట్టి, వెనక కాళ్ళకు కాస్త ముందు, పొట్ట కింది నుంచి ఒక చేత్తో బొటనవేలు ఒకవైపు, మిగతా వేళ్ళు ఇంకోవైపు పెట్టి మెల్లగా తడమాలి. ఖాళీ బ్లాడర్ చేతికి దొరకదు, కొంచెం నిండితే నీళ్ళ బుడగలా మెత్తగా తగులుతుంది. మూసుకుపోయినది చిన్న బత్తాయంత, గట్టిగా, బిర్రుగా ఉంటుంది, తాకగానే పిల్లి అరుస్తుంది లేదా కరుస్తుంది. ఆ గట్టితనం తగిలిందా, చెయ్యి తీసేయండి. ఒత్తి ఉచ్చ తెప్పించే ప్రయత్నం చేస్తే బ్లాడర్ లోపలే చిరిగిపోవచ్చు. కొవ్వు పట్టిన పిల్లిలో ఏమీ తగలదు. తగల్లేదు కాబట్టి బాగానే ఉందని అర్థం కాదు.

చుక్కలు పడుతున్నాయన్న ధైర్యం కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. నిండిపోయిన బ్లాడర్ నుంచి ఒత్తిడికి ఒకటి రెండు చుక్కలు కారుతుంటాయి. మిద్దె మీద నుంచి పడ్డ పిల్లికీ, బండి తగిలి నడుము పట్టు పోయిన పిల్లికీ ఇలాగే కారుతుంది. కింద తడిగా ఉంది కదా అని ఊరుకుంటే లోపల సంచి పగిలేదాకా నిండుతూ ఉంటుంది.

మలబద్ధకం అని పొరపడేవాళ్ళే ఎక్కువ. కూర్చునే తీరు చూడటానికి రెండిట్లోనూ ఒకేలా ఉంటుంది. ఆముదం తాగించి, పొట్ట మర్దనా చేసి, ఒక రోజు పోగొడతారు. పిల్లికి రెండు రోజులుగా మలం గట్టిగా పోతోందని మీకు తెలిస్తే తప్ప, మగపిల్లి ముక్కుతోందంటే ముందు ఉచ్చ సంగతే చూడాలి. ఎద పిచికారీని దీనితో కలపొద్దు. అది పోసేటప్పుడు పిల్లి నిలబడి ఉంటుంది, తోక నిటారుగా పెట్టి వణికిస్తుంది, గోడ మీదికి కొడుతుంది, నాక్కోదు, హుషారుగా తిరుగుతుంది. అది వైద్యం సంగతి కాదు, ఆపరేషన్ సంగతి.

ముక్కడంతో పాటు ఇవి కూడా కనిపిస్తే ఇక నిమిషాల లెక్క: కక్కడం, తిండి పూర్తిగా మానేయడం, మంచం కిందో బీరువా వెనకో దూరి రాకపోవడం, చెవులూ పాదాలూ చల్లబడటం, పిలిస్తే తల ఎత్తకపోవడం. అప్పటిదాకా అరిచి అరిచి ఉన్నట్టుండి నెమ్మదించిందంటే నొప్పి తగ్గిందని సంతోషించకండి, విషం ఎక్కుతోందని అర్థం. పిల్లి గుండె ఆసుపత్రిలో భయం మీద నిమిషానికి 160 నుంచి 220 సార్లు కొట్టుకుంటుంది. పొటాషియం పెరిగిన పిల్లిలో అది 140 కంటే దిగువకు పడొచ్చు. ఒళ్ళు వేడి కూడా మామూలు 38 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగొచ్చు.

ఫోన్‌లో ఏమని అడగాలో ముందే అనుకోండి. "మా పిల్లికి ఒంట్లో బాగాలేదు" అంటే "రేపు రండి" అంటారు. "మగపిల్లి, మూత్రం బ్లాక్ అయ్యింది, ఇన్ని గంటలైంది, కక్కుతోంది" అని చెప్పండి. వెంటనే మూడు ప్రశ్నలు: పిల్లికి క్యాథెటర్ (మూత్రనాళంలోకి పెట్టే సన్న పైపు) వేస్తారా, 3.5 ఫ్రెంచ్ సైజు పైపు ఉందా, రక్తంలో పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) చూసే వీలుందా? కుక్కలు మాత్రమే చూసే చోటికి పోయి తిరిగి రావడం కంటే ఈ రెండు నిమిషాల ఫోన్ మేలు.

మీరు తిరుపతిలో ఉండటం ఒక విధంగా అదృష్టమే. పశువైద్య కళాశాల 1955 నుంచి ఇక్కడే ఉంది, 2005లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద దాని బోధనాసుపత్రి నడుస్తోంది. ఆదివారం, రాత్రి వేళ డ్యూటీలో ఎవరుంటారో, దగ్గర్లో ఏ ప్రైవేటు డాక్టరు సెలవు రోజు చూస్తారో పిల్లి బాగున్న రోజుల్లోనే కనుక్కుని నంబర్లు తలుపు వెనక అంటించుకోవాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం పల్లెల్లో పశువులకు పెద్ద ఆసరా, కానీ ఈ పనికి కావాల్సిన మత్తు, పైపు, ఈసీజీ అన్నీ అందులో ఉంటాయని దాని కోసం కాచుక్కూర్చోవద్దు. చిత్తూరు నుంచైతే తిరుపతికి 70 కిలోమీటర్లు. అంత దూరం గానీ, చెన్నై దాకా గానీ పోవాలనుకుంటే ముందు దగ్గర్లోని డాక్టరు చేత దారి తెరిపించో, అది కుదరకపోతే సూదితో బ్లాడర్‌లోని ఉచ్చ తీయించో బయలుదేరండి. బిర్రుగా నిండిన పిల్లితో మూడు నాలుగు గంటల ప్రయాణం జూదమే.

తీసుకుపోయేటప్పుడు బుట్టలోనో అట్టపెట్టెలోనో పాత తువ్వాలు వేసి, పైన కప్పి పెట్టండి. తిండి పెట్టొద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. చివరిసారి ఉచ్చ పోసిన టైము, తిన్న టైము, ఎన్నిసార్లు కక్కింది, ఏ మందు వేశారు, ఇవి కాగితం మీద రాసుకోండి. వేసిన మందు దాచకండి.

ఇక వేయకూడనివి. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు, దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కిడ్నీని దెబ్బతీస్తాయి. బార్లీ నీళ్ళు, పల్లేరు కషాయం, మనుషులకు రాళ్ళకిచ్చే సిరప్, ఉచ్చ ఎక్కువ పోయించే మాత్రలు, వీటన్నిటిదీ ఒకే తప్పు: తూము మూసుకున్న తొట్టికి ఇంకా నీళ్ళు వదలడం.

ఆసుపత్రిలోనూ ఒక తప్పు జరుగుతుంటుంది, దాన్ని మీరే పట్టుకోవాలి. ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఒకటి, నొప్పికి ఒకటి పొడిచి ఇంటికి పంపేస్తారు. పదేళ్ళ లోపు పిల్లుల్లో ఈ లక్షణాలకు సూక్ష్మజీవులు కారణం కావడం అరుదు. అంతకంటే ముఖ్యం, దారి తెరవని ఇంజెక్షన్ ఏదైనా ఒకటే. "బ్లాడర్ నిండి ఉందా, ఖాళీ అయ్యిందా?" అని అడగండి. జవాబు రాకుండా ఇంటికి రావద్దు.

సరిగ్గా జరిగితే వరస ఇలా ఉంటుంది. రక్తం తీస్తారు, ఈసీజీ పెడతారు. పొటాషియం బాగా పెరిగి ఉంటే గుండెను కాపాడటానికి కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి మెల్లగా ఇస్తారు, డెక్స్‌ట్రోజ్, అవసరమైతే దానితో ఇన్సులిన్. సెలైన్ ఎక్కిస్తారు. మత్తిచ్చి సన్న పైపుతో సెలైన్ కొడుతూ బిరడాను వెనక్కి నెట్టి దారి తెరుస్తారు. పైపును ఒకటి నుంచి మూడు రోజులు ఉంచి, సంచిలో పడే ఉచ్చ కొలుస్తారు. అడ్డం తొలగాక ఉచ్చ వరదలా వస్తుంది, ఆ నీటిని సెలైన్‌తో భర్తీ చేయాలి, అందుకే అదే రోజు ఇంటికి పంపమని పట్టుపట్టకండి. మొదటి రోజు క్రియాటినిన్ ఎంత ఎక్కువ వచ్చినా "కిడ్నీలు పోయాయి" అని ఆశ వదిలేయకండి. చాలా పిల్లుల్లో దారి తెరిచిన ఒకటి రెండు రోజుల్లోనే అది దిగడం మొదలవుతుంది.

ఆడపిల్లికి నాళం పొట్టిది, వెడల్పుది, మూసుకోవడం అరుదు. చుక్కలు చుక్కలుగా, రక్తంతో పోస్తూ తింటూ తిరుగుతుంటే అదే రోజు పగలు చూపిస్తే చాలు. మగపిల్లి అలా పోస్తున్నా ఆ రోజే చూపించాలి, ఎందుకంటే పొద్దున చుక్కలు పోసినది సాయంత్రానికి మూసుకోవచ్చు. ముసలి పిల్లి నీళ్ళు విపరీతంగా తాగి పెద్ద పెద్ద మడుగులు పోస్తుంటే కిడ్నీ లేదా షుగర్, రెండు మూడు రోజుల్లో రక్తపరీక్షకు తీసుకెళ్ళండి. దానికి తోడు తిండి మానేసి కక్కితే మాత్రం ఆ రోజే.

ఇంటికొచ్చాక మొదటి వారం అసలు పరీక్ష. మళ్ళీ మూసుకోవడం ఎక్కువగా అప్పుడే. నాక్కోకుండా ఆసుపత్రిలో మెడకు కట్టిన గరాటా తీయొద్దు, ప్రతి ఉండా లెక్కపెట్టండి. పొడి మేతలో నీరు పదో వంతు కూడా ఉండదు, తడి మేతలో ముప్పాతిక భాగం నీరే. నాలుగు కిలోల పిల్లికి తిండితో కలిపి రోజుకు 200 మిల్లీలీటర్ల నీరు చేరాలి, మన ఎండల్లో ఇంకొంచెం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం దాని నీళ్ళతో సహా పెట్టొచ్చు, అయితే డాక్టరు రాళ్ళు కరిగే మేత రాస్తే అది తప్ప ఇంకేదీ పెట్టకూడదు, ఒక ముద్ద పెరుగన్నం కూడా. ఆ మేత స్ట్రువైట్ అనే రకం రాళ్ళను కొన్ని వారాల్లో కరిగిస్తుంది, కాల్షియం ఆక్సలేట్‌ను కరిగించలేదు, దాన్ని తీయించాల్సిందే.

సున్నాలు వేయడం, బ్రహ్మోత్సవాలకు ఇంటినిండా చుట్టాలు దిగడం, దీపావళి టపాకాయలు, కొత్త పిల్లిని తేవడం, వీటి తర్వాతే ఈ జబ్బు తిరగబెట్టడం మామూలు. అలాంటి రోజుల్లో ట్రే, నీళ్ళు, మేత మనుషులు తిరగని గదిలోకి మార్చండి, పిల్లుల కంటే ఒక ట్రే ఎక్కువ పెట్టండి. ఇన్ని చేసినా రెండు మూడుసార్లు మూసుకుంటే సన్నటి చివరి భాగం తీసేసి దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది. దాని గురించి కళాశాల సర్జన్లను అడగండి. కాకపోతే అది ఈరోజు మాట కాదు. ఆటో దొరికిందా?