ప్రేక్షకులు నోరు విప్పకపోతే

పలాస దగ్గరి పల్లెలో మీరు వేసిన నాటకం మధ్యలో ప్రేక్షకులను ‘ఇప్పుడేం జరగాలి?’ అని అడిగితే ఎవరూ పలకలేదని, చివరికి ముందు వరుస కుర్రాళ్లే కథను నడిపించేశారని మీరు రాశారు. లోపం ప్రేక్షకులది కాదండీ, ప్రశ్నది. బ్రెజిల్ దర్శకుడు అగస్టో బోవాల్ పద్ధతిలో, చిక్కు తెగకుండా ముగిసే చిన్న సన్నివేశాన్ని మొదట పూర్తిగా ఆడి, మళ్లీ ఆడుతున్నప్పుడు ఎవరైనా ‘ఆపండి’ అని చిక్కులో పడ్డ పాత్రలోకి వచ్చే వీలు కల్పిస్తారు. మీరు దానికి ముందు ఇంకో మెట్టు వేయండి: ఉదాహరణకు, జీడిపిక్కల తూకంలో మోసం కనిపెట్టిన కోడలు షావుకారును నిలదీయాలా, ముందు అత్తకు చెప్పాలా అని సూత్రధారి రెండే దారులు చూపి, చేతులెత్తించి, వెనక కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి తానే నడిచి వెళ్లాలి. మైకు మాత్రం అందించకండి; అది చూడగానే వచ్చే మాట కూడా ఆగిపోతుంది. వాళ్లు చెప్పినదాన్ని నటులు అక్కడికక్కడే, మెరుగులు దిద్దకుండా ఆడి చూపాలి.