యాదమ్మ బిడ్డ ఎక్కడుంది?

చిరంజీవి హారికకు ఆశీస్సులు.

నీ నవల పూర్తిగా చదివాను. తొమ్మిదో అధ్యాయంలో నీలిమ కూతురు గుక్కపట్టి ఏడుస్తుంటే, సింకు దగ్గర గిన్నెలు తోముతున్న యాదమ్మ చటుక్కున చెంగు లాక్కుని రవిక మీద అదుముకుంటుంది. అంతే, ఒక్క వాక్యం. తర్వాతి పేరాలో నీలిమ ల్యాప్‌టాప్ తెరుస్తుంది. అక్కణ్ణుంచి ఎనభై పేజీల దాకా యాదమ్మ కూడా పాలిచ్చే తల్లేనన్న సంగతి నీకు గుర్తే లేదు. అంత మంచి వాక్యం రాసి అలా గాలికొదిలేస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ఏ బిడ్డ ఏడ్చినా పాలిచ్చే తల్లికి పాలు చేపుకొస్తాయి. ఐదారు గంటలు బిడ్డ నోరు తగలకపోతే రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. గడ్డ కడితే జ్వరం వస్తుంది. రోజూ ఇదే వరసైతే వారాల్లోనే పాలు తగ్గిపోతాయి. అంటే నీ పదమూడో అధ్యాయానికి యాదమ్మ బిడ్డ డబ్బా పాల మీదికి వచ్చి ఉండాలి. లెక్క వెయ్యి. మామూలుగా 30 మిల్లీలీటర్ల నీళ్ళకు డబ్బాలోని కొలత చెంచాతో ఒక చెంచా పొడి, అంచుకు సమంగా గీసి. ఆ వయసు బిడ్డకు పూటకు 150 మిల్లీలీటర్లు, అంటే ఐదు చెంచాలు. రోజుకు ఐదారు పూటలు. 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు రాదు. కాబట్టి ఇంట్లో బిడ్డను చూసుకునేది అత్తే అనుకుంటే, ఆవిడ ఐదు చెంచాల చోట మూడే వేస్తుంది. కడుపు నిండుతుంది, ఏడుపు ఆగుతుంది, బరువు మాత్రం పెరగదు. అంగన్‌వాడీలో తూకం వేసిన రోజున గానీ ఎవరికీ తెలియదు. వర్గం గురించి రాశానన్నావు. నువ్వు వెతుక్కుంటున్నది ఆ తగ్గిన రెండు చెంచాల దగ్గర ఉంది. నీలిమ భర్త వంశీ బాల్కనీలో నిలబడి సమాజం గురించి ఆలోచించే మూడు పేజీల్లో లేదు.

చిన్నపిల్లలున్న ఇంటి నవలలో, ప్రతి సన్నివేశంలోనూ బిడ్డ ఎవరి చేతుల్లో ఉందో రాసేవాళ్ళకు తెలిసి తీరాలి. పాఠకులకు చెప్పకపోయినా సరే. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. ఒక నోటు పుస్తకం తీసుకో. తెల్లవారుజాము ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా గంటకో గీత గియ్యి. నీలిమ కూతురికి ఒక వరస, యాదమ్మ కూతురికి ఒక వరస. ఎత్తుకున్నది ఎవరు, పాలు పట్టింది ఎవరు, గుడ్డలు మార్చింది ఎవరు, అంతా నింపు. యాదమ్మ హైదరాబాదు బోరబండలో షేర్ ఆటో ఎక్కి ఏడింటికి కొండాపూర్ చేరాలంటే తన బిడ్డకు ఆఖరిసారి ఎన్నింటికి పాలిచ్చింది? రెండో వరసలో ఖాళీలు కనపడతాయి. అంగన్‌వాడీ బడిలో కూర్చోబెట్టుకునేది మూడేళ్ళు నిండినవాళ్ళనే. మరి ఈ బిడ్డ ఎక్కడుంది?

పక్కనే డబ్బుకు ఇంకో వరస. యాదమ్మ జీతం నవల మొత్తంలో ఎక్కడా లేదు. వంశీ 'పెద్ద మనసుతో' 20 వేలు అడ్వాన్సు ఇచ్చాడన్నావు. నెలకు రెండున్నర వేలు కోసుకుంటే ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ ఆమె మానేస్తానని అనే వీలులేదు, సెలవు అడగాలన్నా నోరు రాదు. పెద్ద మనసు సంగతి అప్పుడు రాయి. జీతాలూ అద్దెలూ కనపడగానే 'మూడ్ చెడుతుంది' అని కొట్టేసే సంపాదకులు కొందరున్నారు. వాన వర్ణన రెండు పేజీలున్నా ముట్టుకోరు. వాళ్ళ మాట వినకు.

నీ కథ 2018లో నడుస్తోంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. అందులో కాన్పుకు ముందు వాడుకోగలిగేది ఎనిమిది వారాలే. మరి నీలిమ మూడో నెలకే ఆఫీసుకు ఎందుకు పరిగెత్తింది? కాన్పుకు ముందు ఏడాదిలో ఆ కంపెనీలో 80 రోజులు నిండలేదా? ప్రాజెక్టు పోతుందని భయమా? ఏదైనా పరవాలేదు, కారణం చెప్పు. యాదమ్మకు ఆ చట్టం వర్తించనే వర్తించదు. నీలిమ ఇల్లు పదిమంది పనిచేసే సంస్థ కాదు కదా.

ఇంకొకటి. నీలిమకు ఆపరేషన్, యాదమ్మకు 'తేలిగ్గా' కాన్పు. పేదవాళ్ళు తేలిగ్గా కంటారన్నది పాత చింతకాయ పచ్చడి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రభుత్వాసుపత్రుల్లో కూడా నూటికి 40కి పైనే. యాదమ్మకూ కోత ఉండొచ్చు, ఆ కోతతోనే బకెట్లు మొయ్యొచ్చు. నీలిమ ఆస్పత్రి బిల్లు ఎవరు కట్టారో కూడా చెప్పలేదు. తొలి కాన్పు పుట్టింటిదే అంటారు నీలిమ పుట్టింటి గుంటూరువాళ్ళు. ఆ బిల్లు మీదే ఒక అధ్యాయం నడుస్తుంది. అన్నట్టు నలభై రోజుల బిడ్డ బోసినవ్వు నవ్వితే నవ్వొచ్చు, కిలకిలా నవ్వదు. మెడ కూడా నిలవదు.

పుస్తకం చివర బుక్ క్లబ్బుల కోసం ప్రశ్నలు పెట్టాలా అని అడిగావు. వద్దు. ఈ మధ్య ఇదొక జాడ్యం, రెండు పేజీల అధ్యాయాల లాగే. పదిమంది కూర్చుని పోట్లాడుకోవాలంటే నీ కథలో మనిషి చెయ్యాల్సిన పని చెయ్యాలి. ఇదిగో చూడు. 2018లో సర్కారు దవాఖానలో కన్న తల్లికి తెలంగాణ ప్రభుత్వపు కేసీఆర్ కిట్ పథకం కింద 12 వేలు, ఆడపిల్లయితే 13 వేలు. విడతలుగా, టీకాలకు ముడిపెట్టి. 14 వారాల టీకా పడితేనే తర్వాతి విడత. బస్తీలో టీకాలు బుధవారం, శనివారం. బుధవారం నీలిమకు క్లయింట్ కాల్, 'శనివారం వేయించుకో యాదమ్మా' అంటుంది. శనివారమేమో వాళ్ళమ్మాయి బారసాల, నలభైమంది చుట్టాలు. నీలిమను దుర్మార్గురాలిని చెయ్యకు. ఆమెకు రాత్రి రెండు గంటల నిద్ర కూడా లేదు. యాదమ్మ చేత మంచి మాటలు చెప్పించకు, చేతి సంచీ తీసుకుని వెళ్ళిపోనీ. మరుసటి నెల ఆ రోజు జీతం కోశారా లేదా? కోసేది నీలిమా, వంశీనా? చదివేవాళ్ళు దాని మీద గంటసేపు కొట్టుకుంటారు.

యాదమ్మకు పాలమూరు యాస పెట్టావు, బాగుంది. నీలిమ తల్లి మాత్రం వార్తలు చదివినట్టు మాట్లాడుతోంది. ఆవిడదీ ఒక ఊరే కదా, గుంటూరు మాట ఆవిడకూ పెట్టు.

మొదటి మూడు అధ్యాయాలు, ఆ పెళ్ళిచూపులూ హనీమూనూ, తీసేసి నాలుగో అధ్యాయంతో మొదలుపెట్టు. ముందు రెండు వరసల నోటు పుస్తకం ఫొటోలు తీసి పంపు. రాతప్రతి తర్వాత.